బొంతకు మరో ఇల్లు



ఇవాళ బొంతల గురించి మాట్లాడాలని వచ్చాను. అమ్మలూ అమ్మమ్మలూ పాత నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టిన బొంతలు. కొన్నేళ్ళుగా మేం కొందరం కలిసి, జనం వదిలించుకోవాలనుకుంటున్న బొంతల్ని అడిగి తెచ్చుకుంటున్నాం. ఉతికి, చిరిగినచోట బాగుచేసి, అవసరం ఉన్నవాళ్ళకు చేరుస్తున్నాం. మాకు సంఘం లేదు, బోర్డు లేదు. ఒక ఖాళీ గది, రెండు నవారు మంచాలు, సూదీ దారం, ఓపికున్న చేతులు కొన్ని ఉన్నాయి. గుంటూరు వైపు మొదలైన ఈ పనిలో తెలుసుకున్నవి మీకు చెబితే, మీ ఇంటి అటక మీద ఉన్న బొంతకు ఉపయోగపడుతుందని నా ఆశ.

ముందు ఒక బొంతను దగ్గరగా చూద్దాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన కుంకుమరంగు నారాయణపేట చీర, సన్నని గళ్ళు. చీర అంచును పారేయకుండా చీల్చి, బొంత నాలుగువైపులా చట్రంలా తిప్పి కుట్టారు. అడుగున రెండు తెల్ల పంచెలు, వాడీ వాడీ గంజి జాడ కూడా లేకుండా మెత్తబడ్డవి. ఒక మూల చిరిగి లోపలి పొరలు బయటపడ్డాయి. అక్కడ చుక్కల పరికిణీ ముక్క ఒకటి, బడిపిల్లవాడి నీలం నిక్కరు గుడ్డ ఒకటి, పిండి సంచి గుడ్డ ఒకటి కనిపించాయి. ఆ సంచి మీద అచ్చు అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి.

ఇక కుట్టు చూడండి. సూది పైకీ కిందికీ పోయి వచ్చే సాదా కుట్టే. ఒక చివరి నుంచి సగం దాకా బియ్యపుగింజంత కుట్లు, వరసకీ వరసకీ మధ్య వేలెడు కూడా ఎడం లేదు. సగం దాటాక కుట్టు పొడవైంది, వరసలు కాస్త ఒంకర తిరిగాయి, తెల్లదారం పోయి ఎర్రదారం వచ్చింది. ఇది ఇద్దరి చేతిపని అని చూడగానే తెలుస్తుంది. ఆ బొంత ఇచ్చిన ఇంట్లో పెద్దావిడని అడిగాను. "సగం మా అత్తగారు కుట్టిందమ్మా. చూపు ఆనక పక్కన పెట్టేసింది. నా రెండోవాడు కడుపులో ఉండగా మిగతా సగం నేను కుట్టుకున్నా" అంది. ఆవిడ ఆ మాట చెబుతూ ఎర్రదారం మొదలైన వరస మీద వేలు పెట్టింది. వెతుక్కోనక్కర లేకుండా చెయ్యి నేరుగా అక్కడికే వెళ్ళింది.

ఇంకా ఉంది. బొంతకు ఒక చివర కొబ్బరినూనె మరక నల్లగా పట్టేసింది. అది తలవైపు. నడిమికి అటూ ఇటూ రెండుచోట్ల గుడ్డ పలచబడింది. భుజం, తుంటి ఆనేచోట్లు అవి. ఒక మనిషి ఏళ్ళ తరబడి పక్కకి ఒత్తిగిలి ఆ బొంత మీద పడుకున్నట్టు గుడ్డే చెబుతోంది.

ఇలాంటి బొంత వెచ్చగా ఎందుకుంటుందో చెబుతాను. వెచ్చదనం గుడ్డది కాదు, గుడ్డల మధ్య చిక్కుకున్న గాలిది. కదలని గాలి వేడిని త్వరగా పోనివ్వదు. ఒకే మందపాటి గుడ్డ కంటే, అంతే బరువున్న నాలుగైదు పలచని పొరల మధ్య ఎక్కువ గాలి నిలుస్తుంది. పొరలు జారకుండా, ఒకచోట ఉండకట్టకుండా దగ్గర దగ్గరగా వేసిన కుట్టు పట్టి ఉంచుతుంది. చీర పాతదై ఉండాలనడానికీ కారణం ఉంది. కొత్తగుడ్డలో గంజి, బిరుసు ఉంటాయి. వందలసార్లు ఉతికిన నూలులో పోగు వదులై, ఒంటికి హత్తుకుంటుంది, చెమట పీలుస్తుంది. అందుకే పురిటిబిడ్డ పక్కకు కొత్త గుడ్డ కాకుండా అమ్మమ్మ పాతచీర తీసేవాళ్ళు.

మనిళ్ళలో బొంత కుట్టడం తగ్గిపోవడానికి పెద్ద కారణం పాలిస్టరు. చీర నూలుది కాకుండా పోయాక, పాతచీర ఉన్నా బొంత రాదు. పొర మీద పొర జారిపోతుంది, చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. తరవాత ఫోము పరుపులూ, పానిపట్టు నుంచి వచ్చే చవక కంబళ్ళూ, బొచ్చు రగ్గులూ వచ్చాయి. వేసవిలో పంటపనులు ముగిశాక అరుగు మీద గుడ్డ పరిచి, మూలల్లో బరువులు పెట్టి, నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా కూర్చుని కుట్టే తీరిక కూడా పోయింది. "బొంతలు కుడతామమ్మా" అని వీధి వెంట కేకేసుకుంటూ వచ్చే సంచార కులాల ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. ఇంటి ముందే కూర్చుని, మన పాతచీరలతోనే కుట్టి, కూలి డబ్బులూ గింజలూ పుచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ కేక కొన్ని ఊళ్ళలోనే వినిపిస్తోంది.

కుట్టడం ఇంతగా తగ్గిపోయిన వస్తువును, ముందు ఉన్నంతలో కాపాడుకోవాలి. కానీ ఉన్నవి ఎటు పోతున్నాయి? పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే బండి వస్తుంది. ఒక డబ్బాకో గిన్నెకో బొంత వెళ్ళిపోతుంది. ఇస్త్రీ బల్ల మీద పరుపు అవుతుంది. ఇంటికి రంగులేసేవాళ్ళు నేల మీద సున్నం పడకుండా పరుచుకుంటారు. కారు షెడ్డులో, కుక్కపిల్ల పడుకునే మూలలో, బియ్యం బస్తాల కింద కనిపిస్తుంది. ఇవన్నీ తప్పని నేననను. చిరిగి పేలికలైన బొంతకు అదీ ఒక ఉపయోగమే. నా బాధ అంతా ఇంకా ఇరవయ్యేళ్ళు మనిషికి పక్కగా ఉండగల బొంత నూనె తుడవడానికి పోతున్నదని.

మరో దారి భోగిమంట. భోగినాడు పాతవన్నీ మంటలో వెయ్యాలంటారు. విరిగిన కుర్చీ, చెదపట్టిన తలుపుచెక్క వేస్తే సరే. వాటితోపాటు అటక మీది బొంత కూడా దిగుతుంది. పిల్లలు ఉత్సాహంగా లాక్కొచ్చి పడేస్తారు. నూలు కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది. వచ్చే భోగికి మీ వీధిలో మంట దగ్గర నిలబడ్డప్పుడు, పిల్లల చేతుల్లో ఏముందో ఒకసారి చూడండి.

అన్నిటికంటే ఎక్కువ బొంతలు పోయేది ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు. పదో రోజు దాటాక గది ఖాళీ చేస్తారు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. తిరుగు ప్రయాణం దగ్గరపడుతుంది. నగలు, పత్రాలు, ఇత్తడి సామాను పంచుకుంటారు. మంచం మీది పక్క ఎవరికీ అక్కర్లేదు. పోయినవాళ్ళు పడుకున్న బొంత ఇంట్లో ఉంచకూడదన్న భయం కూడా తోడవుతుంది. ఈ పట్టింపును నేను హేళన చెయ్యను. ఒకప్పుడు అంటురోగాలతో మనుషులు పోయే రోజుల్లో ఆ పక్కను కాల్చెయ్యడం ఇంటిల్లిపాదినీ కాపాడింది. ఇప్పుడు కూడా అంటురోగంతో పోయినవాళ్ళ పక్కను డాక్టరును అడగకుండా ఎవరికీ ఇవ్వకూడదు. కానీ వయసు మీరి, గుండె ఆగి పోయినవాళ్ళ బొంతను శుభ్రంగా ఉతికి వాడుకుంటే ఏ కీడూ రాదు. చాలా ఇళ్ళలో ఈ మాట చెప్పి బొంత అడిగినప్పుడు, ఇచ్చేవాళ్ళ మొహంలో ఒక తెరిపి కనిపించింది. పారెయ్యలేకా ఉంచుకోలేకా నలిగిపోతున్నవాళ్ళకు మూడోదారి ఒకటి దొరికినట్టయింది.

ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను వెంటాడే కథ ఒకటుంది. మనదేశానిది కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఏథెన్స్ పట్టణం. హారియెట్ పవర్స్ అని ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. 1837లో బానిసగా పుట్టింది. అంతర్యుద్ధం తరవాత విముక్తి పొంది, భర్తతో కలిసి చిన్న కమతం చేసుకుంటూ బతికింది. బైబిలు కథలను గుడ్డముక్కలతో బొమ్మలుగా కత్తిరించి, పదకొండు గళ్ళలో అమర్చి ఒక బొంత కుట్టింది. 1886లో అక్కడ పత్తి ప్రదర్శన జరిగితే దాన్ని అందులో పెట్టింది. జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖనం పంతులమ్మ దాన్ని చూసి కొంటానంది. ఎంత ధర ఇచ్చినా అమ్మనంది హారియెట్.

ఐదేళ్ళు గడిచాయి. రోజులు బాగాలేవు. 1891 ప్రాంతంలో హారియెట్ అమ్మడానికి ఒప్పుకుంది. భర్తతో కలిసి ఎద్దుబండి మీద వచ్చింది. బొంతను ఉతికిన పిండిసంచి గుడ్డలో చుట్టి, దానిమీద గోనె చుట్టి, ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పది డాలర్లు అడిగింది. నా దగ్గర అయిదే ఉన్నాయంది జెన్నీ. హారియెట్ బయటికి వెళ్ళి భర్తతో మాట్లాడి, తిరిగొచ్చి అయిదుకే ఇచ్చింది. ఇచ్చేముందు ఒక్కొక్క గడిలో ఏ కథ ఉందో వివరంగా చెప్పింది. జెన్నీ అది రాసుకుంది. ఆ తరవాత హారియెట్ తన బొంతను చూసుకోవడానికి చాలాసార్లు ఆ ఇంటికి వచ్చింది.

ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన జాతీయ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. 1968లో అక్కడికి చేరింది. హారియెట్ కుట్టిన మరో బొంత బోస్టన్ మ్యూజియంలో ఉంది. తెలిసినంతలో ఆమెవి మిగిలినవి ఈ రెండే.

ఈ కథలో రెండు మాటలు నన్ను నిలేస్తాయి. ఒకటి, ఆ బేరం. అవసరం నెత్తిన కూర్చున్న మనిషి దగ్గర సగం ధరకు పుచ్చుకున్నారు. బొంత బతికింది నిజమే, ధర్మంగా మాత్రం చేతులు మారలేదు. రెండోది, ఆ రాసుకోవడం. జెన్నీ స్మిత్ ఆ మాటలు రాసుకోకపోతే ఇవాళ మ్యూజియంలో "జార్జియాలో దొరికిన పాత బొంత" అని ఒక చీటీ మాత్రమే ఉండేది. హారియెట్ పవర్స్ అన్న పేరు మనదాకా వచ్చేది కాదు.

మన దేశంలోనూ ఇలాంటి రక్షణ జరిగింది. బెంగాలు ఆడవాళ్ళు పాతచీరల అంచుల్లోంచి రంగుదారాలు లాగి, వాటితోనే పువ్వులూ ఏనుగులూ రథాలూ కుట్టిన కంథాలు తెలిసినవే. సివిల్ సర్వీసు అధికారి గురుసదయ్ దత్ జిల్లాల్లో ఉద్యోగం చేస్తూ పల్లెపల్లెనా వాటిని సేకరించాడు. ఆయన 1941లో కన్నుమూశాడు. ఆ సేకరణ కోల్‌కతా శివారు జోకాలో ఆయన పేరిటి మ్యూజియం అయింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ సేకరించినవి ఫిలడెల్ఫియా మ్యూజియానికి చేరాయి. గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి అనే ఆమె తండ్రి కోసం కుట్టి, పేరు కూడా కుట్టుకున్న కంథా ఒకటి ఉంది. అలా పేరున్నవి తక్కువ. మన తెలుగు బొంతలకు, నాకు తెలిసినంతలో, ఆమాత్రం సేకరణ కూడా జరగలేదు. బొమ్మలు లేని బొంత కదా, ఇందులో ఏం కళ ఉందని వదిలేశారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడాలి, ఏ అంచు ఎటు తిప్పాలి అని ఆలోచించిన కన్ను ఒకటి ప్రతి బొంతలోనూ ఉంది.

ఇక బొంత చేతికి వచ్చాక ఏం చెయ్యాలో చెబుతాను. ఈ భాగం కాస్త నెమ్మదిగా వినండి, ఎక్కువ బొంతలు పాడయ్యేది ఉతుకులోనే.

మొదట ఎండలో దులపాలి, చేత్తో తట్టాలి. నల్లులు, పురుగులు ఉన్నాయేమో కుట్ల వెంట చూసుకోవాలి. తరవాత రంగు పరీక్ష. తెల్లగుడ్డ తడిపి ఒక్కొక్క రంగు ముక్క మీద కాసేపు అదిమి పట్టండి. రంగు అంటితే ఆ బొంత నీళ్ళలో ముంచొద్దు. ఎరుపు, నలుపు రంగులు ఎక్కువగా దిగుతాయి. దిగకపోతే, కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి, పిసికి, పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. వడకట్టకపోతే ఆ పిప్పి గుడ్డకు మరక పెడుతుంది. ఆ రసం చల్లనీళ్ళలో కలిపి, వెడల్పాటి తొట్టిలో బొంతను మడతలు లేకుండా పరిచి నానబెట్టాలి. బ్లీచింగ్ వద్దు, వేణ్ణీళ్ళు వద్దు, బండకేసి బాదడం అసలే వద్దు. వాషింగ్ మెషీనులో వేస్తే పైన బాగానే ఉన్నట్టుంటుంది. లోపలి పాతపొరలు చీలికలై ఒక మూలకు చేరతాయి, ఆ తరవాత దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

నీళ్ళలోంచి తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని ఎత్తొద్దు. తడిసిన బొంత చాలా బరువు, ఆ బరువంతా ఆ కొస మీద పడి కుట్లు పుటపుటా తెగిపోతాయి. తొట్టిలో ముందే అడుగున ఒక దుప్పటి పరచాలి. బొంతను దానితోపాటు నలుగురు నాలుగు కొసలూ పట్టి ఎత్తాలి. పిండకూడదు. నవారు మంచం మీద నీడలో పరిస్తే కింద నుంచి నీరు కారిపోతుంది, పైన గాలి తగులుతుంది. ఒక రోజులో ఆరదు. లోపలి పొర పచ్చిగా ఉండగా మడిస్తే బూజు పట్టి, వారంలో కుళ్ళు వాసన వేస్తుంది.

మాసిక వేసేటప్పుడు పాతగుడ్డను కత్తిరించొద్దు. చిరుగు మీద మరో పాత నూలుగుడ్డ పెట్టి చుట్టూ కుట్టండి. దారం కూడా నూలుదే కావాలి. పాలిస్టరు దారం గట్టిగా ఉంటుంది, లాగుడు పడ్డప్పుడు అది తెగదు, పాతగుడ్డనే కోసేస్తుంది. మా దగ్గర ఓపికున్న ఒకావిడ పాతచీర అంచులోంచి పోగులు లాగి, వాటినే రెండు మూడు కలిపి దారంగా వాడుతుంది. పాత గుడ్డకు పాత పోగు అయితే రెండూ ఒకే బలంతో ఉంటాయి. చూడటానికి కూడా కుట్టు కొత్తగా ఎబ్బెట్టుగా కనపడదు.

దాచేటప్పుడు కలరా ఉండలు వెయ్యకండి. పసిపిల్లల బొంతల విషయంలో ఇది పట్టుబట్టి చెబుతున్నాను. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీను ఆ పిల్లల రక్తకణాలను పగలగొట్టి, పచ్చకామెర్లు ముదరబెడుతుంది. ఉండలతో దాచిన బట్టలు ఉతక్కుండా తొడిగితేనే ప్రమాదం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఎండిన వేపాకు తెల్లగుడ్డలో మూటకట్టి పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. ఆర్నెల్లకోసారి తీసి మడత మార్చండి. ఎప్పుడూ ఒకేచోట మడిస్తే గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది.

బాగుచేసిన బొంతను ఎవరికివ్వాలి? మా ప్రాంతంలో సంక్రాంతి దాటగానే మిరపకోతలు మొదలవుతాయి. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలు లారీల్లో దిగుతాయి. చేలగట్ల మీద గుడారాలు, పట్టాల కింద కాపురాలు. మిరప ఘాటు పగలు, మంచు రాత్రి. పాలుతాగే పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. పెద్దాసుపత్రుల ఆవరణల్లో రోగుల తాలూకు మనుషులు సిమెంటు నేల మీద పడుకుంటారు. తెలంగాణలో ఇటుకబట్టీల దగ్గర ఒడిశా బలంగీర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎండాకాలం దాకా ఉండిపోతాయి. ఆదిలాబాదు, అరకు ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చలిగా ఉంటాయో అక్కడివాళ్ళను అడగండి.

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. పడేసే వస్తువు ఇస్తున్నట్టు ఇస్తే పుచ్చుకున్నవాళ్ళు చిన్నబోతారు. మాసిన బొంత, తడి వాసన ఉన్న బొంత, మనం మన పిల్లల్ని పడుకోబెట్టలేని బొంత ఎవరికీ ఇవ్వకూడదు. పరిచి చూపించాలి. నచ్చింది ఎంచుకోనివ్వాలి. కోసిగి వైపు నుంచి వచ్చిన ఒకామె బొంత చేతికి రాగానే పైవైపు చూడలేదు. తిరగేసి అడుగు కుట్టు చూసింది. "ఇది ఎవరు కుట్టినారక్కా? మాయమ్మ గూడా ఇట్లనే మూల నుంచి మొదలుపెడుతుండె" అంది. తరవాత మాసిక వేసినచోట వేలితో రాసి, "ఇక్కడ ఇంకో వరస పడాల" అని మా దగ్గరే సూది తీసుకుని కుట్టుకుంది. చాలామంది దాతలు ఇచ్చే కంబళ్ళు సీజను అయిపోయాక ఆ గట్ల మీదే మిగిలిపోవడం చూశాను. ఈ బొంత ఆమెతోపాటు లారీ ఎక్కింది.

అలాగని అన్నీ ఇచ్చెయ్యమని కాదు. బాగా పలచబడి ఇక వాడకానికి ఆగనివి, అరుదైన నేత చీరలున్నవి, ఎవరు ఎప్పుడు కుట్టారో స్పష్టంగా తెలిసినవి దాచాల్సినవి. వాటిని కుటుంబంలో ఎవరైనా ఉంచుకుంటే మంచిది. లేకపోతే ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో ఎండ పడని చోట, వివరం రాసి ఉంచాలి. మిగతావి మనుషుల కిందికి, మనుషుల మీదికి వెళ్ళాల్సిందే. బొంతకు అది పుట్టిన పని.

అమ్మకం మాటేమిటని అడుగుతారు. పాతచీరల కుట్టుపనికి నగరాల్లో, విదేశాల్లో ఇప్పుడు గిరాకీ ఉంది. అమ్మడం నాకు తప్పుగా తోచదు, కుట్టిన చేతికి డబ్బూ పేరూ దక్కితే. అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లవాళ్ళ పల్లె ఉంది. నదీ వంపులో లోకానికి దూరంగా ఉన్న ఊరు. అక్కడి ఆడవాళ్ళు పొలంలో వాడి చిరిగిన ప్యాంట్లతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్‌లో, ఆ వెంటనే న్యూయార్కులో పెద్ద మ్యూజియాల గోడలెక్కాయి. 2006లో ఆ దేశపు తపాలా బిళ్ళల మీదికి వచ్చాయి. ఆ మరుసటి ఏడే, తమకు రావలసింది రాలేదని ఆ ఊరి కుట్టుగత్తెలు కొందరు కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. మన పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ అడవుల్లో, సిద్దీ ఆడవాళ్ళు కవందీలు కుడతారు. అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరే కుట్టు వాళ్ళది. చివర నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న గుడ్డపువ్వులు కుడతారు. వాళ్ళు 2004లో తమ సహకార సంఘం పెట్టుకుని అమ్ముకోవడం మొదలుపెట్టారు. నాకు ఆ దారి నచ్చింది. ఢిల్లీలో 1999లో అంశు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ కూడా, తొడుక్కోవడానికి పనికిరాని గుడ్డతో సుజనీలనే బొంతలు కుట్టిస్తోంది. మన ఊళ్ళలో బొంత కుట్టడం వచ్చిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. డ్వాక్రా సంఘాలు వాళ్ళను పిలిచి, కూలి ఇచ్చి, చిన్నవాళ్ళకు నేర్పిస్తే ఎంత బాగుంటుంది!

మేం ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ఏ బొంత వచ్చినా, ఇచ్చేవాళ్ళను నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఎవరు కుట్టారు? ఏ ఊరు? సుమారు ఏ సంవత్సరం? ఇందులో ఎవరి చీరలున్నాయి? ఆ జవాబులు పుస్తకంలో రాసుకుంటాం. కుట్టినావిడ పేరు మాత్రం, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, ఒక చిన్న తెల్లగుడ్డ మీద దారంతో కుట్టి బొంత అడుగు మూలలో అతికిస్తాం. బొంత ఎన్ని ఇళ్ళు మారినా ఆ పేరు దానితోనే వెళుతుంది. చాలాసార్లు పేరు తెలియదు. "మా నాయనమ్మ" అంటారు, పేరు అడిగితే ఆగిపోతారు, ఫోనులో ఎవరినో కనుక్కుంటారు. అలా కనుక్కున్న పేరు ఆ ఇంట్లో పిల్లలు మొదటిసారి విన్న రోజులున్నాయి.

చివరగా ఒక విన్నపం. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 1981లో కొందరు ఊరూరా బొంతల దినాలు జరిపారు. మీ ఇంట్లో బొంత పట్టుకురండి, ఫొటో తీసి, వివరం రాసుకుని మీ బొంత మీకే ఇచ్చేస్తాం అన్నారు. కొనడాలు, తీసుకోవడాలు లేవు. తరవాత ఆ పని దాదాపు అన్ని రాష్ట్రాలకూ పాకింది. అది మనం చెయ్యలేని పనేమీ కాదు. మీ ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం చాలు. ఒక బల్ల, ఒక నోటుపుస్తకం, ఫొటో తియ్యడానికి ఒక సెల్‌ఫోను చాలు. గ్రంథపాలకులనో, బడి పంతుళ్ళనో, మహిళా సంఘం అధ్యక్షురాలినో అడగండి, కాదనరు. కుట్టిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి, వాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఈ చలికాలం పోకముందే ఆ ఆదివారం ఏదో ఖాయం చేసుకోండి.